పెద్ద ఆడ ఈగే ఎక్కువ గుడ్లు పెడితే, మరి ట్రేడాఫ్ ఎక్కడ?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం డ్రోసోఫిలా మెలనోగాస్టర్ ఆడ ఈగల ఉరం (రెక్కలు, కాళ్లు అతికి ఉండే నడిమి భాగం) పొడవు కొలిచారు. ముగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలే అవి. ఒక్కొక్కటి రోజుకు ఎన్ని గుడ్లు పెడుతోందో లెక్కపెట్టారు. పెద్ద ఈగలే ఎక్కువ పెట్టాయి. పాఠంలో మాత్రం శరీరానికి పెట్టిన ఖర్చు సంతానంలో తగ్గుతుందని ఉంది, దాన్నే ట్రేడాఫ్ అంటారు, నేను బేరం అనేదీ దాన్నే. గైడ్ గారు మళ్లీ లెక్కపెట్టమన్నారు. తప్పు మీ లెక్కలో ఉందా, పాఠంలో ఉందా అని మీరు అడిగారు.

మీ లెక్క సరైనదే. పాఠమూ తప్పు కాదు. మీరు కొలిచింది ఒకటి, పాఠం చెప్పేది ఇంకొకటి. మీరు కొలిచింది ఒకే రకం వయల్స్‌లో (మేత పోసి ఈగల్ని పెంచే చిన్న సీసాల్లో) పెరిగిన ఈగల మధ్య తేడా. అందులో ఎక్కువ భాగం తిండి వల్ల వచ్చిన తేడా. పాఠం చెప్పేది జన్యువుల స్థాయిలో జరిగే బేరం. దీనికి నేను ఇంకో మాట కలుపుతాను, పాఠాల్లో ఇది సరిగ్గా రాయరు: డ్రోసోఫిలాలో పెద్ద ఒంటికి ధర గుడ్లలో చెల్లించరు, కాలంలో చెల్లిస్తారు. ట్రేడాఫ్‌ను గుడ్ల దగ్గర వెతికితే దొరకదు. లార్వా దశలో, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగులా ఉండే దశలో వెతకాలి.

కారణాలు వివరంగా చెబుతాను. చాలా ఏళ్లు ఈ ఈగలతోనే పనిచేశాను కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు వయల్‌లోకి తీరిగ్గా చూడండి. మన దేశంలో చాలా ల్యాబుల్లో బెల్లం, అరటిపండు, బార్లీ, ఈస్టు కలిపి ఉడికించిన మేత వాడతాం. చల్లారాక గోధుమరంగులో గట్టిపడుతుంది. ఆ రంగు మీద తెల్లటి గుడ్డు బాగా కనిపిస్తుంది. అర మిల్లీమీటరు పొడవు, ఒక కొసన పైకి లేచిన రెండు సన్నటి పోగులు, నూకగింజలా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర సుమారు ఒక రోజుకు పిల్ల బయటికొస్తుంది. ఇంకో రెండు రోజులకు మేత పైపొర జావయిపోతుంది. లార్వాలు తల లోపలికి దూర్చి, ఊపిరి తీసుకునే తోక కొసను పైకి పెట్టి, పక్కపక్కనే తవ్వుకుంటూ పోతుంటాయి. ముందు బయటికొచ్చిన పిల్లకు తాజా ఈస్టు దొరుకుతుంది. కొన్ని గంటలు వెనకబడిన పిల్లకు ముందువి తిని వదిలినది, వాటి విసర్జనలోని అమోనియా కలిసిన జావ మిగులుతుంది. రెండూ ఒకే తల్లి బిడ్డలు కావచ్చు. పదో రోజున ఒకటి నిండుగా, ఇంకొకటి దాంట్లో సగం బరువుతో బయటికొస్తాయి.

బయటికొచ్చాక ఈగ ఇక పెరగదు. రెక్క పొడవు, ఉరం పొడవు అప్పటికే ఖాయమైపోయి ఉంటాయి. గుడ్లు తయారుచేసే సరంజామా కూడా చాలావరకు అప్పుడే నిర్ణయమైపోతుంది. అండాశయంలో ఓవేరియోల్స్ అనే సన్నటి గొట్టాలు ఉంటాయి, ఒక్కో గుడ్డూ ఒక్కో గొట్టంలో వరసగా తయారవుతుంది. బాగా తిన్న మెలనోగాస్టర్ ఆడదానికి ఒక్కో అండాశయంలో 16 నుంచి 20 దాకా ఉంటాయి. ఈ గొట్టాల సంఖ్య లార్వా దశలో, ఈగగా మారే ముందు కదలకుండా ఉండే ప్యూపా దశలోనే తేలిపోతుంది. అంటే బాగా తిన్న లార్వాకు పెద్ద ఒళ్లూ వచ్చింది, ఎక్కువ గొట్టాలూ వచ్చాయి. మీ గ్రాఫులో ఎక్కే గీతకు అసలు కారణం ఇదే.

దీన్ని ఊళ్లో మాటగా చెప్పుకుందాం. పదెకరాల మాగాణి ఉన్నాయన అదే ఏడు ట్రాక్టరూ కొంటాడు, కూతురి పెళ్లీ చేస్తాడు. ఎకరంన్నర ఉన్నాయన రెండూ చేయలేడు. ఊరంతా తిరిగి లెక్క రాస్తే ట్రాక్టరున్న ఇళ్లలోనే పెళ్లిళ్లు ఘనంగా జరిగినట్టు తేలుతుంది. దాన్ని బట్టి ట్రాక్టరుకీ పెళ్లి ఖర్చుకీ పోటీ లేదనగలమా? పోటీ ఉంది. ఒకే ఆదాయం ఉన్న రెండిళ్లను పక్కపక్కన పెడితేనే అది కనబడుతుంది. 1986లో వాన్ నూర్డ్‌విక్, డి యాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని గణితంగా రాసి చూపించారు: సంపాదనలో తేడాలు ఎక్కువై, పంపకంలో తేడాలు తక్కువైతే, లోపల బేరం జరుగుతున్నా పైకి రెండు లక్షణాలూ కలిసి పెరుగుతున్నట్టే కనిపిస్తాయి. మీ ప్రాజెక్టు రిపోర్టులో తప్పకుండా చెప్పాల్సిన పని ఇది.

ఇక జన్యువుల సంగతి. తిండి తేడా తీసేసి జన్యువుల బేరం ఒక్కటే చూడాలంటే నమ్మదగిన దారి ఎంపిక ప్రయోగం. తరతరాలుగా ఒకే లక్షణం ఉన్నవాటిని ఎంచుకుంటూ పోయి, దాంతోపాటు ఇంకేం మారిందో చూడడం.

మన దగ్గరే జరిగిన ప్రయోగం చెబుతాను. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో అమితాబ్ జోషి బృందం కొన్ని ఈగ జనాభాలను తొందరగా పెరగడం, తొందరగా గుడ్లు పెట్టడం అనే రెండింటి కోసం తరతరాలుగా ఎంపిక చేసింది. ప్యూపా నుంచి ముందుగా బయటపడిన వాటినే తర్వాతి తరానికి తల్లిదండ్రులుగా తీసుకున్నారు. ఆ ఈగలు నిజంగానే గుడ్డు నుంచి ఈగ దాకా త్వరగా ఎదిగేలా మారాయి. వాటితోపాటు ఏం మారిందో చూడండి: ఒళ్లు బాగా చిన్నదైపోయింది, గుడ్లు తగ్గాయి, లార్వాలు బతికి బయటపడే శాతమూ తగ్గింది. ఎవరూ చిన్న ఈగల్ని ఎంచుకోలేదు. తొందర కోసం ఎంచుకుంటే చిన్నతనం వెంటబడి వచ్చింది.

బ్రిటన్‌లో లిండా పార్ట్రిడ్జ్, కెవిన్ ఫౌలర్ అటువైపు నుంచి వచ్చారు. 1990ల మొదట్లో ఉరం పొడవు కోసం ఎంపిక చేశారు, పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు. పెద్ద లైన్లలో, అంటే పెద్దవాటినే ఎంచుకుంటూ పెంచిన వంశాల్లో లార్వా దశ సాగిపోయింది, లార్వాలు బతికి బయటపడడమూ కష్టమైంది. రెండు ప్రయోగాలనూ కలిపి చూస్తే బొమ్మ పూర్తవుతుంది. పెద్ద ఒళ్లు కావాలంటే లార్వాగా ఎక్కువసేపు తినాలి. ఎక్కువసేపు తింటే పండు ఎండిపోయేలోపు, పక్కవి మేత ఖాళీ చేసేలోపు బయటపడలేని ప్రమాదం ఉంటుంది. బయటపడగలిగితే మాత్రం పెద్దదానికి గుడ్లు ఎక్కువే. మీరు కొలిచింది బయటపడిన వాటిని. బయటపడలేనివి మీ లెక్కలోకే రాలేదు.

దీనికి లోపలి యంత్రాంగం కూడా తెలుసు. లార్వా మూడో దశ మొదట్లో ఒక హద్దు బరువుకు చేరుతుంది. ఆ హద్దు దాటాక మేత తీసేసినా అది ప్యూపా అవుతుంది, కాకపోతే చిన్న ఈగగా బయటికొస్తుంది. హద్దు దాటకముందే మేత తీసేస్తే ఎదుగుదల ఆగిపోతుంది. హద్దు దాటాక ఎక్‌డైసోన్ హార్మోను పెరిగి ఈగగా మారే రూపవిక్రియ మొదలయ్యే లోపల, సుమారు ఒక రోజులో, అది తినే తిండే ఒంటికి పెద్ద భాగం చేరుస్తుంది. ఆ రోజును పొడిగించే జన్యు రూపం ఒంటిని పెంచుతుంది, దాన్ని కుదించే రూపం ఎదుగుదలను తొందర పెడుతుంది.

"అయితే పరిమాణానికి ఒక జన్యువు, గుడ్లకు ఒక జన్యువు ఉంటాయా?" అని మీరు రెండో కామెంటులో అడిగారు. లేవు. తిండి ఎంత అందిందో కణాలకు తెలిపే ఇన్సులిన్ సంకేత మార్గం ఒక్కటే చాలా తాళ్లను పట్టి లాగుతుంది. చికో అనే జన్యువును తీసుకోండి. స్పానిష్‌లో చిన్నవాడని అర్థం. 1999లో జూరిక్ బృందం దీన్ని వర్ణించింది. రెండు ప్రతులూ చెడిపోయిన ఈగ మామూలు ఈగలో సగం కూడా ఉండదు, కణాలు చిన్నవి, సంఖ్యలోనూ తక్కువ. అలాంటి ఆడదానికి గుడ్లే రావు. అంటే ఇక్కడ ఒళ్లూ గుడ్లూ రెండూ కలిసి పడిపోయాయి, వాటి మధ్య బేరం లేదు. బేరం ఆయుష్షుతో ఉంది: 2001లో వచ్చిన పరిశోధనలో ఆ ఆడ ఈగల ఆయుష్షు 48 శాతం దాకా పెరిగింది. ఒక్క ప్రతే చెడిపోయిన ఆడవాటిలో కూడా 36 శాతం దాకా పెరిగింది, అవి మరుగుజ్జులు కావు. కాబట్టి ఒళ్లు చిన్నదైనందుకే ఎక్కువకాలం బతికాయని అనడానికి లేదు. మీ గైడ్ గారికి ఈ ఉదాహరణ చూపించండి. ఒక జన్యువు ఏ రెండు లక్షణాలను ఒకే వైపు లాగుతుందో, ఏ రెండింటిని ఎదురెదురుగా లాగుతుందో ముందే ఊహించలేమని ఇది ఒక్కటే చెబుతుంది.

ఇక్కడో హెచ్చరిక. "ఉన్నది ఒకటే కుండ, అటు పోస్తే ఇటు తగ్గుతుంది" అనే ఆలోచనను మరీ గట్టిగా పట్టుకోకండి. 2009లో ఒక ప్రయోగంలో తిండి తగ్గించి ఆయుష్షు పెంచిన ఈగలకు మెథియోనిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం కలిపారు. గుడ్లు పెరిగాయి, ఆయుష్షు తగ్గలేదు. కుండ నిజంగా ఒకటే అయితే ఇలా జరగకూడదు. కొన్నిసార్లు ట్రేడాఫ్ అని మనం పిలిచేది ఏదో ఒక పోషకం తక్కువపడడమే కావచ్చు. నాకు చాలాకాలం ఇది మింగుడుపడలేదు, ఇప్పుడు ఏ ఫలితం చూసినా ముందు మేత కూర్పు అడుగుతాను.

జన్యువుల సంఖ్య గురించి కూడా ఒక మాట. కాలిఫోర్నియాలో అర్వైన్‌లో 600 తరాలకు పైగా తొందర పెరుగుదల కోసం ఎంపిక చేసిన ఈగల జన్యుసంపుటిని 2010లో చదివారు. అవి మామూలు వాటికంటే దాదాపు 20 శాతం తొందరగా ఎదుగుతున్నాయి. అన్ని తరాల తర్వాత గెలిచిన జన్యు రూపాలు జనాభా అంతా నిండిపోయి ఉంటాయని అందరూ అనుకుంటారు. అలా జరగలేదు. డజన్లకొద్దీ ప్రాంతాల్లో నిష్పత్తులు గట్టిగా మారాయి కానీ పాత రూపాలు పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదు. ఎటు తిరిగినా మేలే చేసే రూపాలు అరుదని, ఎంపిక బలం కాలంతోపాటు మారిపోయి ఉండవచ్చని రాశారు. అరవై డెబ్బై ఏళ్లుగా మనం ట్రేడాఫ్ అని మాట్లాడుకునేది డీఎన్ఏలో ఎలా ఉంటుందో చూపిన పని ఇది. నాకు ఎంతో ఇష్టమైన పరిశోధన.

బయటి ప్రపంచంలోనూ ఇది కనిపిస్తుంది. భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ ఈ ఈగల ఒళ్లు పెద్దదవుతుంది. ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే మేత మీద పెంచినా ఆ తేడా నిలుస్తుంది, కాబట్టి అది జన్యువులదే. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఈ తేడాకూ మూడో క్రోమోజోములోని పేన్ అనే తలకిందులైన ముక్కకూ సంబంధం దొరికింది. ఇన్సులిన్ గ్రాహకం జన్యువులోనూ రెండు రూపాల నిష్పత్తి ఉత్తర అమెరికాలో, ఆస్ట్రేలియాలో అక్షాంశంతోపాటు మారుతుంది. ఒంటి పరిమాణం, గుడ్లు, ఎదిగే కాలం, కష్టాన్ని తట్టుకోవడం, ఇవన్నీ ఆ రెండు రూపాల మధ్య తేడాగా ఉంటాయి. ఐరోపా ఈగ డ్రోసోఫిలా సబ్‌ఆబ్‌స్క్యూరా 1978లో చిలీలో, 1982లో అమెరికా పశ్చిమ తీరంలో కనిపించింది. సుమారు ఇరవై ఏళ్లలో ఉత్తర అమెరికాలో ఐరోపాలో ఉన్నట్టే రెక్క పొడవు ఉత్తరానికి పెరిగేలా మారిపోయింది. చిత్రమేమంటే రెక్కలో పొడవు పెరిగిన భాగం ఐరోపాలో ఒకటి, ఉత్తర అమెరికాలో ఇంకొకటి.

మగ ఈగల పాత్ర మీ డిజైన్‌లో లేదు, కాబట్టి చెప్పాలి. మగవి పెద్ద ఆడవాటినే ఎక్కువగా వెంటాడతాయి. వీర్యంతోపాటు సెక్స్ పెప్టైడ్ అనే 36 అమైనో ఆమ్లాల చిన్న అణువు ఆడదానిలోకి వెళ్లి గుడ్లు పెట్టడాన్ని వేగం చేస్తుంది, మళ్లీ జతకట్టే ఇష్టాన్ని తగ్గిస్తుంది. మగవాటి అనుబంధ గ్రంథుల స్రావాల వల్ల ఆడవాటి ఆయుష్షు తగ్గుతుందని 1995లోనే చూపించారు. మీరు మగవాటిని పది రోజులు వయల్‌లోనే ఉంచి ఉంటే, పెద్ద ఆడవాటికి వేధింపు కూడా ఎక్కువ జరిగి ఉంటుంది. వాటి గుడ్ల ఆధిక్యం కొంత అక్కడే కరిగిపోతుంది.

ఇప్పుడు నా అనుభవం ఒకటి. చేరిన కొత్తలో పండ్ల మార్కెట్ చెత్తకుప్ప దగ్గర సీసాలో అరటిపండు పెట్టి ఈగల్ని పట్టి, ఒక్కో ఆడదాని సంతానాన్ని ఒక్కో లైనుగా పెంచాను. అన్నాచెల్లెళ్లను జతకట్టిస్తూ చాలా తరాలు నడిపాను. కొలిస్తే ఒళ్లు పెద్దగా ఉన్న లైన్లకే గుడ్లూ ఎక్కువ. ఇది తిండి తేడా కాదు, మేత సమానంగానే ఇచ్చాను. కాబట్టి జన్యువుల్లో ట్రేడాఫ్ లేదని రాసి మా సార్‌కి ఇచ్చాను. ఆయన చదివి ఒకటే అడిగారు: "లైన్లను ఒకదానితో ఒకటి కలిపి చూశావా?" కలిపాను. పుట్టిన ఈగలన్నీ రెండు తల్లి లైన్లకంటే పెద్దవి, గుడ్లూ ఎక్కువ పెట్టాయి. నేను చూసింది రక్తసంబంధంలో జతకట్టడం వల్ల కొన్ని లైన్లు అన్ని విధాలా నీరసించిపోవడం. చెడిపోయిన లైను అన్నిట్లోనూ వెనకే ఉంటుంది, మంచిది అన్నిట్లోనూ ముందు ఉంటుంది, గ్రాఫు పైకి ఎక్కుతుంది. మూడు నెలల పని పోయింది. ఆ నోటుబుక్కు ఇప్పటికీ దాచుకున్నాను.

మీకు ఇంకా రెండు నెలలున్నాయన్నారు కదా, అది సరిపోతుంది. ఈ మార్పులు చేయండి.

గుడ్లను లెక్కపెట్టి వేయండి. తల్లుల్ని వయల్‌లో వదిలేయకండి. ప్రతి వయల్‌లో ఆరు మిల్లీలీటర్ల మేతకు 60, 70 గుడ్లు, సన్నటి కుంచెతో ఎత్తి పెట్టండి. నడుం నొప్పి పుడుతుంది, అయినా ఈ ఒక్క పనే మీ ఫలితాన్ని నిలబెడుతుంది. కావాలని ఇంకో వరసలో 200 పైన వేసి కిక్కిరిసిన వయల్స్ కూడా పెట్టండి. రెండిట్లోనూ గీత వాలు పోల్చితే తిండి పాత్ర మీకే కనిపిస్తుంది.

ఎప్పుడు బయటికొచ్చిందో రాయండి. మొదటి ఈగ కనిపించినప్పటి నుంచి ఆరు గంటలకోసారి చూసి, ఏ గంటకు ఎన్ని బయటపడ్డాయో, ఎన్ని ప్యూపాలు అలాగే ఉండిపోయాయో నమోదు చేయండి. మీ దగ్గర లేని లెక్క ఇదే. ఒంటి పరిమాణాన్ని దీంతో పోల్చినప్పుడే ట్రేడాఫ్ బయటపడే అవకాశం ఎక్కువ.

కన్య ఈగల్ని ఎనిమిది గంటల్లోపు వేరుచేయండి. కొత్తగా వచ్చినదాని పొట్ట పల్చగా పాలిపోయి ఉంటుంది, చర్మంలోంచి లోపల ముదురు ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ ఉంటే అనుమానం అక్కర్లేదు. తర్వాత అన్నిటికీ ఒకే వయసు మగవాటిని ఒక్కరోజే ఇచ్చి తీసేయండి. గుడ్ల లెక్కకు రెండు రోజుల ముందు నుంచి తాజా ఈస్టు ముద్ద ఒక వరసకు పెట్టి, ఇంకో వరసకు పెట్టకండి. ఈస్టు సమృద్ధిగా ఉన్నప్పుడు ఎన్నో తేడాలు మాయమైపోవడం నేను పదేపదే చూశాను.

విశ్లేషణలో ఒక్కో ఈగను ఒక్కో చుక్కగా వేయడంతో ఆగకండి. కనీసం పది పన్నెండు కుటుంబాలు తీసుకుని, కుటుంబాల సగటుల మధ్య సంబంధాన్ని, ఒకే కుటుంబం లోపలి సంబంధాన్ని విడివిడిగా చూపించండి. లోపలిది చాలావరకు తిండి చెప్పే మాట. సగటుల మధ్యదానిలో జన్యువుల మాట కొంచెం వినిపిస్తుంది. అడవి ఈగల లైన్లయితే ఎక్కువ తరాలు నడిపాక వాడకండి. తప్పనిసరైతే రెండేసి లైన్లను కలిపి పుట్టిన వాటితో కొలవండి.

పాత డేటాను పారేయకండి. అది కిక్కిరిసిన వయల్స్ ఫలితంగా మీ రిపోర్టులో మొదటి బొమ్మ అవుతుంది. కొత్త లెక్క మొదలయ్యాక, ఈగలు బయటికొచ్చిన గంటల పట్టిక ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.